మార్ఫాన్, ఎలర్స్-డాన్లోస్, పెళుసు ఎముకల జబ్బు: ఏ జన్యు పరీక్ష ఎవరికి?

మా బాబాయి చిన్న కొడుకు ఆరడుగుల మూడంగుళాలు. ఊళ్లో వాణ్ణి అందరూ తాటిచెట్టు అనేవాళ్లు. ఇరవై ఆరేళ్లప్పుడు కళ్లద్దాలు మార్పించుకోవడానికి వెళ్తే, కంటి డాక్టరు లైటు వేసి చూసి "లెన్స్ పైకి జరిగింది బాబూ, ముందెళ్లి గుండెకు ఎకో తీయించుకో" అన్నాడు. ఎకోలో బృహద్ధమని (గుండె నుంచి రక్తం మోసుకెళ్లే పెద్ద రక్తనాళం) మొదలు 4.4 సెంటీమీటర్ల వెడల్పు వచ్చింది. తర్వాత జన్యువులన్నిటి కోడ్ భాగాలనూ ఒకేసారి చదివే ఎక్సోమ్ టెస్టు, ఆరు వారాల టెన్షన్. చివరికి ఎఫ్‌బిఎన్1 అనే జన్యువులో మ్యుటేషన్ (జబ్బు తెచ్చే మార్పు) ఉందని, అంటే ఒంటి భాగాలను పట్టి ఉంచే కణజాలం బలహీనపడే మార్ఫాన్ సిండ్రోమ్ అని తేలింది.

అంతవరకూ బాగానే ఉంది. ఆ రిపోర్టు చూసి భయపడిన బాబాయి, పెద్దవాడు, చెల్లెలు ముగ్గురూ వెళ్లి తలా ఒక ఎక్సోమ్ చేయించుకున్నారు. వాళ్లకు కావలసింది డీఎన్‌ఏలో ఒక్క అక్షరాన్ని చూసే చిన్న టెస్టు. ల్యాబ్ వాళ్లు చెప్పలేదు, మావాళ్లు అడగలేదు. పైగా చెల్లెలి రిపోర్టులో ఈ జబ్బుతో ఏ సంబంధమూ లేని ఇంకో జన్యువులో "ప్రాముఖ్యం తెలియని మార్పు" అని ఒక లైను వచ్చింది. ఆ ఒక్క లైనుతో పిల్ల ఏడాది పాటు సరిగ్గా నిద్రపోలేదు.

పెద్ద టెస్టయితే మంచిదనే నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. నా లెక్కలో అది తప్పు. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తెలిస్తే ఏ టెస్టు కావాలో తెలుస్తుంది.

ముందు వీటికి జవాబు చూసుకోండి

ఇంట్లో ఎవరికైనా మ్యుటేషన్ ఇప్పటికే దొరికిందా? అన్నిటికంటే ఇది ముఖ్యం. దొరికి ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

మొదట ఎవరికి చేయించాలి? జబ్బు లక్షణాలు స్పష్టంగా ఉన్నవాళ్లకు. భయపడుతున్నవాళ్లకు కాదు. లక్షణాలు లేని చెల్లెలికి ముందు చేయిస్తే, "ఏమీ లేదు" అని వచ్చినా దానికి అర్థం ఉండదు. ఆమెకు నిజంగానే లేదో, ఇంట్లో ఉన్న మార్పు ఆ టెస్టుకు దొరికే రకం కాదో చెప్పలేం.

లక్షణాలు ఒకే జబ్బును చూపిస్తున్నాయా, నాలుగైదింటినా? జవాబు వస్తే వైద్యంలో ఏం మారుతుంది? గర్భం ఉందా, త్వరలో అనుకుంటున్నారా? తేలని జవాబు వస్తే తట్టుకోగలరా? డబ్బు సంగతి వీటి తర్వాతే. ధరలు ల్యాబుకో రకంగా ఉంటాయి కాబట్టి ఇక్కడ అంకెలు రాయను. ఒక్క మార్పును చూసే టెస్టు ఎక్సోమ్ ధరలో చిన్న వాటా మాత్రమే అవుతుంది. ప్యానెల్ (సంబంధిత జన్యువుల గుంపును చూసే టెస్టు), ఎక్సోమ్ ధరలు మాత్రం చాలాచోట్ల దగ్గర దగ్గరగా ఉంటున్నాయి.

జన్యు పరీక్షకు ముందు చవక పరీక్షలు

మార్ఫాన్ అనుమానం ఉంటే ఎకో, కంటిపాపను పెద్దది చేసి చేసే స్లిట్ ల్యాంప్ పరీక్ష ముందు జరగాలి. మార్ఫాన్‌ను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే, 2010లో సవరించిన గెంట్ ప్రమాణాల ప్రకారం, వయసుకూ శరీర పరిమాణానికీ ఉండాల్సిన దానికంటే బృహద్ధమని మొదలు బాగా వెడల్పయి, దానికి తోడు లెన్స్ కూడా జరిగి ఉంటే జన్యు పరీక్ష లేకుండానే మార్ఫాన్ అని చెప్పొచ్చు. మావాడి సంగతి అదే. వాడికి జన్యు పరీక్ష అవసరమైంది వాడి కోసం కంటే మిగతా ఇంటివాళ్ల కోసం.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు: రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎంతుందో చూడడం. అది పేరుకుపోయే హోమోసిస్టిన్యూరియా అనే జబ్బు ఉన్న పిల్లలు చూడ్డానికి అచ్చం మార్ఫాన్‌లాగే పొడుగ్గా, సన్నగా ఉంటారు. లెన్స్ కూడా జరుగుతుంది. తేడా ఏమిటంటే మార్ఫాన్‌లో సాధారణంగా పైకి, ఇందులో కిందికి. అది సీబీఎస్ అనే వేరే జన్యువు వల్ల వచ్చే జబ్బు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. వీళ్లలో కొందరికి విటమిన్ బి6తోనే బాగా గుణం కనిపిస్తుంది. మామూలు రక్త పరీక్షతో బయటపడే జబ్బును వదిలేసి ఎక్సోమ్ వైపు పరిగెత్తకూడదు.

ఏ లక్షణం ఏ జన్యువు వైపు చూపిస్తుంది

| కనిపించేది | అనుమానించే జబ్బు | జన్యువు |
|---|---|---|
| పొడవు, పొడుగు వేళ్లు, పైకి జరిగిన లెన్స్, వెడల్పయిన బృహద్ధమని | మార్ఫాన్ | ఎఫ్‌బిఎన్1 |
| చీలిన కొండనాలుక, ఎడంగా ఉన్న కళ్లు, మెలికలు తిరిగిన ధమనులు | లోయస్-డీట్జ్ | టిజిఎఫ్‌బిఆర్1, టిజిఎఫ్‌బిఆర్2, ఎస్‌మ్యాడ్3, ఇంకొన్ని |
| నరాలు కనిపించేంత పలుచని చర్మం, ఊరికే కమిలిపోవడం, ధమనులూ పేగులూ చిట్లడం | వ్యాస్కులర్ ఎలర్స్-డాన్లోస్ | కాల్3ఎ1 |
| సాగే చర్మం, సిగరెట్ కాగితంలా పలుచబడ్డ మచ్చలు | క్లాసికల్ ఎలర్స్-డాన్లోస్ | కాల్5ఎ1, కాల్5ఎ2 |
| చిన్న దెబ్బకే ఎముక విరగడం, నీలి ఛాయ ఉన్న కంటి తెల్లగుడ్డు | ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా (పెళుసు ఎముకల జబ్బు) | కాల్1ఎ1, కాల్1ఎ2; మేనరికం ఇళ్లలో ఇతర జన్యువులు కూడా |
| బాగా వంగే కీళ్లు, ఒళ్లు నొప్పులు, మరేమీ లేదు | హైపర్‌మొబైల్ ఎలర్స్-డాన్లోస్ | ఇంకా తెలియదు |

మొదటి మూడు వరుసల మధ్య తేడా ప్రాణం మీదికి వచ్చేది. మార్ఫాన్‌లో బృహద్ధమని దాదాపు 5 సెంటీమీటర్లకు చేరితే ఆపరేషన్ ఆలోచిస్తారు. లోయస్-డీట్జ్‌లో అంతకంటే చిన్న సైజులోనే చీలిపోవచ్చు కాబట్టి ముందే చేస్తారు. వ్యాస్కులర్ రకంలో రక్తనాళాలు తడి కాగితంలా ఉంటాయి, మామూలు యాంజియోగ్రామ్ గొట్టం పెట్టాలన్నా డాక్టర్లు వెనకాడతారు. అందుకే ఈ మూడింటిలో ఏదో తేలనప్పుడు జన్యు పరీక్షకు నిజమైన విలువ ఉంది.

చిన్న మార్పు పెద్ద నష్టం, పెద్ద మార్పు చిన్న నష్టం

రిపోర్టు చేతికొచ్చాక అందరూ తికమకపడేది ఇక్కడే. కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఒక ముప్పేట తాడు. ఎముకలో ఉండే మొదటి రకం కొల్లాజెన్‌లో రెండు పేటలు కాల్1ఎ1 నుంచి, ఒక పేట కాల్1ఎ2 నుంచి వస్తాయి. ప్రతి పేటలోనూ ప్రతి మూడో స్థానంలో తప్పకుండా గ్లైసిన్ ఉంటుంది. అది అమైనో ఆమ్లాల్లోకెల్లా చిన్నది. మూడు పేటలూ కలిసే మధ్యభాగంలో దానికి తప్ప ఇంకొకదానికి చోటు లేదు. అక్కడ గ్లైసిన్ పోయి పెద్దదేదైనా వచ్చిందంటే తాడు సరిగ్గా పేనుకోదు.

ఇప్పుడు లెక్క చూడండి. మనకు కాల్1ఎ1 ప్రతులు రెండు, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒక ప్రతిలో గ్లైసిన్ పోయిందనుకుందాం. తాడుకు అలాంటి పేటలు రెండు కావాలి. రెండూ మంచివే పడే అవకాశం నాలుగింట ఒకటి. అంటే నాలుగు తాళ్లలో మూడు చెడిపోతాయి. కాల్3ఎ1 అయితే మూడు పేటలూ అదే జన్యువువి, కాబట్టి ఎనిమిదింట ఏడు చెడిపోతాయి. అదే ఒక ప్రతి పూర్తిగా పనిచేయడం మానేస్తే, అంటే రిపోర్టులో "స్టాప్" అని భయపెట్టేలా రాసి ఉంటే, తాళ్లు సగమే తయారవుతాయి, కానీ తయారైనవన్నీ మంచివే. అందుకే కాల్1ఎ1లో స్టాప్ మార్పులు చాలావరకు తేలికపాటి మొదటి రకం పెళుసు ఎముకల జబ్బునే ఇస్తాయి. "ఒక్క అక్షరమేగా మారింది" అనిపించే గ్లైసిన్ మార్పు బిడ్డను మంచానికి పరిమితం చేయొచ్చు.

ఈ సూత్రాన్ని ఎఫ్‌బిఎన్1కు అంటగట్టకండి. అక్కడ అమైనో ఆమ్లాల్లో ఒకటైన సిస్టీన్‌కు తగిలే మార్పులు లెన్స్ జరగడంతో ఎక్కువగా కనిపిస్తాయి. ప్రోటీన్‌ను మధ్యలో తెంపేసే మార్పుల్లో ఆ కంటి ఇబ్బంది తక్కువ. అంతమాత్రాన గుండెకు ప్రమాదం తక్కువని కాదు.

రిపోర్టులో "సి.3037 జి>ఎ, పి.గ్లై1013ఆర్గ్" అని ఉంటే ఇలా చదవాలి: ఎఫ్‌బిఎన్1 కోడ్‌లో 3037వ అక్షరం జి బదులు ఎ అయింది, దాంతో ప్రోటీన్‌లో 1013వ స్థానంలో గ్లైసిన్ బదులు ఆర్జినిన్ వచ్చింది. ఇది పుట్టుకతోనే తీవ్రంగా కనిపించే మార్ఫాన్‌లో నమోదైన మార్పు. మీ ఇంటి రిపోర్టులో ఈ ఒక్క లైను ఎక్కడుందో పసుపు పెన్నుతో గీసిపెట్టుకోండి. అమెరికాలో ఉన్న బావకు తేలినా, ఇక్కడ మీకు టెస్టు చేయడానికి ఆ లైను పనికొస్తుంది, ఈ రాత ప్రపంచమంతా ఒకటే.

పరీక్షలు ఒక్కొక్కటిగా

| పరీక్ష | చూసేది | ఎవరికి నప్పుతుంది | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|
| ఒక్క మార్పు (సాంగర్) | ఇంట్లో తెలిసిన ఒక్క అక్షరం | మ్యుటేషన్ దొరికిన ఇంటివాళ్లు | మార్పు తెలియకపోతే పనికిరాదు |
| ఒకే జన్యువు | ఎఫ్‌బిఎన్1 మొత్తం, వగైరా | లక్షణాలు ఒకే జబ్బును గట్టిగా చూపిస్తే | అంచనా తప్పితే మళ్లీ మొదటికి |
| ప్యానెల్ | సంబంధిత జన్యువుల గుంపు | మార్ఫానో లోయస్-డీట్జో తేలనప్పుడు | జాబితాలో లేనిది కనిపించదు |
| ఎక్సోమ్ | ప్రోటీన్లకు కోడ్ ఉన్న సుమారు 20,000 జన్యువుల భాగాలు | కలగాపులగం లక్షణాలు, మేనరికం ఇళ్లు | అర్థం తేలని మార్పులు ఎక్కువ |
| పూర్తి జీనోమ్ | మొత్తం డీఎన్‌ఏ | ఎక్సోమ్‌లో ఏమీ దొరకనివాళ్లు | ధర, చదివి చెప్పేవాళ్ల కొరత |

ఒక్క మార్పు టెస్టును తక్కువగా చూడొద్దు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? జవాబు ఉంది లేదా లేదు, మధ్యస్థం ఉండదు. వేరే ల్యాబులో చేయిస్తుంటే, మ్యుటేషన్ తేలిన మనిషి రక్తం కూడా పోల్చి చూడ్డానికి ఇస్తే ఇంకా మంచిది.

ఒకే జన్యువు టెస్టుకు ఇప్పుడు కాలం చెల్లింది అనొచ్చు. అయితే ఒక మినహాయింపు ఉంది. ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టాలో ఐదో రకం అని ఒకటుంది. ఎముక అతికేచోట బుడిపెలా పెద్ద గడ్డ కడుతుంది, ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. దీనికి దాదాపు ఎప్పుడూ ఐఎఫ్ఐటిఎమ్5 జన్యువు మొదట్లో, ప్రోటీన్ కోడ్‌కు కాస్త ముందు, అదే ఒక్క అక్షరం మారడమే కారణం. కోడ్ భాగాన్నే జల్లెడ పట్టే ఎక్సోమ్‌లో అది జారిపోవచ్చు. ఎక్స్‌రే చూసి గుర్తుపట్టిన డాక్టరు చిన్న టెస్టుతో తేల్చేస్తాడు.

ప్యానెల్ నాకు బాగా నచ్చే టెస్టు. బృహద్ధమని సమస్యతో వచ్చినవాళ్లకు ఎఫ్‌బిఎన్1, టిజిఎఫ్‌బిఆర్ జంట, ఎస్‌మ్యాడ్3, కాల్3ఎ1, యాక్టా2 లాంటివి ఉన్న ప్యానెల్ చాలు. జాబితా ల్యాబుకో రకం, కాబట్టి రక్తం ఇవ్వకముందే అడగండి. ఒక జన్యువులో పెద్ద ముక్కే పోయిన సందర్భాలూ ఉంటాయి. వాటిని చూస్తారా, లేకపోతే ఎంఎల్‌పీఏ అనే అదనపు టెస్టు చేయాలా అని కూడా అడగాలి.

ఎక్సోమ్‌తో రెండు చిక్కులు. మొదటిది వి.యు.ఎస్., అంటే జబ్బుకు కారణమో కాదో ఇంకా తెలియని మార్పు. 2015 నుంచి ల్యాబులు వాడుతున్న ఐదు మెట్ల వర్గీకరణలో ఇది నట్టనడుమ మెట్టు. దీని ఆధారంగా ఆపరేషన్ గానీ గర్భం విషయంలో నిర్ణయం గానీ తీసుకోకూడదు. పాపతో పాటు అమ్మానాన్నల రక్తం కూడా ఇచ్చి ముగ్గురికీ కలిపి చేయిస్తే ఇలాంటివి చాలా తేలిపోతాయి. రెండోది, అడగనివి బయటపడడం. మార్ఫాన్ కోసం వెళ్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు జన్యువు కనిపించొచ్చు. సమ్మతి పత్రంలో "చెప్పాలా, వద్దా" అని ఒక గడి ఉంటుంది. అది నర్సు టిక్ పెట్టేది కాదు, మీరు ఆలోచించి పెట్టేది.

ఇందులో చిన్న లోపం ఇంకొకటి: ఎలర్స్-డాన్లోస్‌లో ఒక రకానికి కారణమైన టిఎన్ఎక్స్‌బి జన్యువుకు పక్కనే దాదాపు అలాంటిదే ఉత్త నకలు ఉంది. ఎక్సోమ్ రెండింటినీ కలగలిపేస్తుంది.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

*ఇంట్లో ఇప్పటికే మార్ఫాన్ తేలినవాళ్లు.* ఒక్క మార్పు టెస్టే. ఒకరికి ఉంటే వాళ్ల పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సగం అవకాశం, ఆడైనా మగైనా. మార్ఫాన్ ఉన్న ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి అది అమ్మానాన్నల నుంచి రాదు, కొత్తగా పుట్టుకొస్తుంది. మా పెద్దమ్మ మావాడి సంగతి వినగానే "మేనరికం చేసుకున్నారు కదా, అందుకే" అంది. మా పిన్ని ఆ మాటకు రెండు రోజులు ఏడ్చింది. మేనరికానికీ మార్ఫాన్‌కూ సంబంధం లేదు. ఒక ప్రతి చెడితే చాలు వచ్చే జబ్బు ఇది.

*ఎముకలు విరుగుతున్న పిల్లాడి అమ్మానాన్నలు.* ఇక్కడ మాత్రం మేనరికం ప్రశ్న నిజమైనది. ఎక్కువ కేసుల్లో కాల్1ఎ1, కాల్1ఎ2లే కారణం. అయితే సిఆర్‌టిఎపి, పి3హెచ్1, ఎఫ్‌కెబిపి10, సెర్పిన్ఎఫ్1, డబ్ల్యుఎన్‌టి1 లాంటి జన్యువుల్లో రెండు ప్రతులూ చెడినా ఇదే జబ్బు వస్తుంది. మేనమామనో మేనత్త కొడుకునో చేసుకున్న ఇళ్లలో ఈ అవకాశం పెరుగుతుంది. మరుసటి బిడ్డకు ముప్పు ఎంతన్నది దీన్నిబట్టే: రెండు ప్రతులూ చెడ్డ రకమైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. కాల్1ఎ1లో కొత్తగా పుట్టిన మార్పయితే చాలా తక్కువ, అయినా సున్నా కాదు, ఎందుకంటే అమ్మ అండాల్లోనో నాన్న వీర్యకణాల్లోనో కొన్నింట్లో మాత్రమే ఆ మార్పు దాగి ఉండొచ్చు. మీకు నా సలహా: ఎముకల ప్యానెల్ లేదా ముగ్గురికీ కలిపి ఎక్సోమ్. ఎముకలను గట్టిపరిచే బిస్‌ఫాస్ఫోనేట్ మందుల వైద్యం మాత్రం రిపోర్టు కోసం ఆపక్కర్లేదు, డాక్టరు మొదలుపెట్టొచ్చు.

*కీళ్లు వంగుతాయి, ఒళ్లంతా నొప్పులు ఉన్నవాళ్లు.* మీకే ఎక్కువ నిరాశ. 2017 వర్గీకరణలో ఎలర్స్-డాన్లోస్‌కు 13 రకాలు, 12 రకాలకు జన్యువు తెలుసు. ఎక్కువమందికి ఉండే హైపర్‌మొబైల్ రకానికే తెలియదు. డాక్టరు బొటనవేలిని ముంజేతికి ఆనించి, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనించమని, ఇలా తొమ్మిది మార్కుల బీటన్ పరీక్షతోనూ ఇతర లక్షణాలతోనూ నిర్ణయిస్తారు. జన్యు పరీక్ష "మీకు ఇది ఉంది" అని చెప్పలేదు. చర్మం పలుచగా ఉండి ఊరికే కమిలిపోతుంటేనో, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటేనో, వ్యాస్కులర్ రకం కాదని తేల్చుకోవడానికి ప్యానెల్ చేయించండి. లేదంటే ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టడం మేలు.

*గర్భిణులు, గర్భం అనుకుంటున్నవాళ్లు.* వరసలో మీరే ముందు, కానీ ఆలస్యంగా వచ్చేదీ మీరే. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి, లేదా 16 వారాలకు ఉమ్మనీరు తీసి బిడ్డకు ఒక్క మార్పు టెస్టు చేయొచ్చు. ఇంటి మ్యుటేషన్ ముందే తెలిసి ఉంటేనే అది కుదురుతుంది. గర్భం వచ్చాక మొదలుపెడితే రిపోర్టు కోసం ఎదురుచూడడంలోనే వారాలు అయిపోతాయి. 1994 చట్టం ప్రకారం ఆడా మగా అని ఎవరూ చెప్పరు, అడగొద్దు. మార్ఫాన్ ఉన్న తల్లి లోసార్టాన్ లాంటి మాత్రలు వాడుతుంటే గర్భానికి ముందే గుండె డాక్టరుతో మార్పించుకోవాలి. బృహద్ధమని సైజు కూడా అప్పుడే చూపించుకోవాలి.

రక్తం ఇచ్చేముందు

హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. ప్రైవేటు ల్యాబుకు వెళ్లినా ముందు ఇలాంటి చోట జెనెటిక్స్ డాక్టరును కలవండి. గుండె డాక్టరు, ఎముకల డాక్టరు టెస్టు రాయగలరు, రిపోర్టు విప్పి చెప్పే ఓపిక అందరికీ ఉండదు.

వెళ్లేటప్పుడు మూడు తరాల వంశవృక్షం కాగితం మీద గీసి తీసుకెళ్లండి: ఎవరు ఎంత పొడవు, ఎవరికి కళ్లు, ఎవరు ఏ వయసులో పోయారు. "గుండెపోటు" అని చెప్పుకునే పాత చావుల్లో కొన్ని నిజానికి బృహద్ధమని చీలికలై ఉండొచ్చు. మావాళ్లకు అది గీస్తుంటేనే తాతయ్య నలభై ఒకటో ఏట పొలం గట్టు మీద కూలిపోయిన సంగతి గుర్తొచ్చింది. అప్పటిదాకా దాన్ని ఎవరూ దీనితో కలపలేదు.

బాబాయికి మార్పు ఉంది, పెద్దవాడికి ఉంది. చెల్లెలికి లేదు. ఆ రెండో జన్యువులోని వి.యు.ఎస్. గురించి రెండేళ్ల తర్వాత అడిగితే ల్యాబు మళ్లీ చూసి "హానికరం కాకపోవచ్చు" అని వర్గం మార్చింది. ఇంటి మార్పు లేదని తేలిన రోజే డాక్టరు ఆమెతో ఇక ఏటేటా ఎకో అక్కర్లేదమ్మా, నీ పిల్లలకూ ఈ టెస్టు అక్కర్లేదు అన్నారు. అన్నలిద్దరూ మాత్రం ఏడాదికోసారి ఎకో టేబుల్ ఎక్కుతున్నారు.